లా బయాడేర్ రికార్డింగులు: ఏది ముందు చూడాలి, నీడల సీన్‌లో కెమెరా చేసే పనులు, టీవీ సెట్టింగులు

#1 · రెండోగంట

అందరికీ నమస్కారం. 19వ శతాబ్దపు కొరియోగ్రాఫర్ పెటిపా కట్టిన బ్యాలే "లా బయాడేర్" పూర్తిగా చూడాలి. చేతికి అందేవి మూడు. లండన్ రాయల్ బ్యాలే 1991 (అసిల్మురాతోవా, ముఖమెదోవ్, డార్సీ బసెల్), పారిస్ ఒపేరా 1994 (ఇజబెల్ గెరాన్, లోరాన్ ఇలేర్, ఎలిజబెత్ ప్లతెల్), మళ్ళీ రాయల్ బ్యాలేదే 2018 (నూన్యెజ్, మున్తగిరోవ్, ఒసిపోవా).

ముందు ఏది? ఇంకో రెండు తిప్పలు కూడా ఉన్నాయి. పాత రికార్డింగులో ఎవరైనా గిర్రున తిరిగితే చేతుల అంచున దువ్వెన పళ్ళలా గీతలు వస్తున్నాయి. కొన్ని షాట్లలో పాదాలు స్క్రీన్ కింది అంచుకు తెగిపోతున్నాయి. డిస్క్ తప్పా, టీవీ తప్పా?

#2 · నీడలవరుస

మూడూ ఒకే బ్యాలే కాదు, ముందు అది తేల్చుకోండి. పేరు ఒకటే, ముగింపులు రెండు.

1991, 2018 రికార్డింగులు నతాలియా మకరోవా కూర్చినవి. ఆవిడ 1980లో అమెరికన్ బ్యాలే థియేటర్‌కు చేసి, 1989లో రాయల్ బ్యాలేకు ఇచ్చారు. ఇందులో చివర గుడి కూలుతుంది. యోధుడు సోలోర్‌కూ రాజు కూతురు గమ్జాటికీ పెళ్ళి జరిగే చోటికి, అతను ప్రేమించి వదిలేసిన దేవదాసి నికియా నీడ, అంటే ఆత్మ, వస్తుంది, కప్పు విరిగి అందరి మీదా పడుతుంది. పారిస్‌ది నూరెయెవ్ 1992 అక్టోబరులో కూర్చిన వెర్షన్, ఆయన ఆఖరి పని. 1993 జనవరిలో పోయారు. అది నీడల సీన్‌తో, అంటే సోలోర్ కలలో నికియాతో పాటు ఆత్మలు నాట్యమాడే సీన్‌తో, ఆగుతుంది. గుడి లేదు, కూలడమూ లేదు. 1941లో లెనిన్‌గ్రాడ్ కిరోవ్ థియేటర్‌లో పొనొమర్యోవ్, చబుకియానీ దిద్దిన పద్ధతే అది.

మొదటిసారి చూసేవారికి నా ఓటు పారిస్ 1994. కారణం ఒకటే: నీడలు 32 మంది. రాయల్ బ్యాలే మకరోవా వెర్షన్‌లో 24 మందే. ఆ ఎనిమిది మంది తేడా ఎంతని అడక్కండి, చూస్తే తెలుస్తుంది.

#3 · ఎడిట్‌బల్ల

గీతల సంగతి నేను చెప్తా. డిస్క్ తప్పు కాదు.

యూరప్ టీవీ కోసం వీడియో కెమెరాలతో తీసినవి సెకనుకు 50 ఫీల్డులు. ఒక్కో ఫీల్డులో సగం గీతలే ఉంటాయి: ఒకదాంట్లో బేసి, ఇంకోదాంట్లో సరి. రెండు ఫీల్డుల మధ్య సెకనులో యాభయ్యో వంతు తేడా. ఈలోగా చెయ్యి కదిలిపోతుంది. ప్లేయర్ ఆ రెంటినీ ఒకే బొమ్మగా కుట్టేస్తే దువ్వెన పళ్ళు కనిపిస్తాయి.

వీఎల్‌సీ ప్లేయర్‌లో వీడియో మెనూలో డీఇంటర్లేస్ ఆన్ చేసి, మోడ్‌లో "యాడిఫ్ 2ఎక్స్" పెట్టండి. ఉత్త "యాడిఫ్" పెడితే సెకనుకు 25 బొమ్మలే వస్తాయి, 2ఎక్స్‌లో 50 వస్తాయి. సీరియల్‌కు ఆ తేడా అక్కర్లేదు. బ్యాలేకు కావాలి. గాల్లో రెండు కాళ్ళూ కొట్టుకునే బ్యాటరీ స్టెప్పుల్లో 25 బొమ్మల దగ్గర సగం కొట్లు కంటికి అందవు.

అమెరికా మార్కెట్ డిస్క్ అయితే కథ వేరు. 50 ఫీల్డులను అక్కడి 60కి మార్చేటప్పుడు కొన్ని బొమ్మలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. పాజ్ చేస్తే డాన్సర్‌కు నాలుగు చేతులు, దసరా అమ్మవారిలా. దానికి ఏ సెట్టింగూ మందు కాదు. యూరప్ డిస్క్ వెతుక్కోవడమే.

పాదాలు తెగడానికి రెండు కారణాలు. ఒకటి టీవీ ఓవర్‌స్కాన్: పాత అలవాటు కొద్దీ టీవీ బొమ్మను కాస్త పెంచి నాలుగు అంచులూ కోస్తుంది. పిక్చర్ సైజులో "జస్ట్ స్కాన్" అనో "స్క్రీన్ ఫిట్" అనో "1:1" అనో ఉంటుంది, అది పెట్టండి. రెండోది, 1991 రికార్డింగ్ 4:3 బొమ్మ. దాన్ని టీవీ "జూమ్"లో పెడితే పైనా కిందా కలిపి పాతిక శాతం పోతుంది. పోయేది పాదాలూ, పైకెత్తిన చేతులూ. "వైడ్"లో పెడితే ఏదీ తెగదు కానీ మూడో వంతు అడ్డంగా సాగి అందరూ పొట్టిగా, లావుగా అవుతారు. 4:3 పెట్టి అటూ ఇటూ నల్ల పట్టీలను భరించండి.

మోషన్ స్మూతింగ్ (టీవీ తనే మధ్య బొమ్మలు కల్పించి కదలికను నునుపు చేసే సెట్టింగ్) ఉంటే ఆపేయండి. గిరగిరా తిరిగే టుటు (పొరల బ్యాలే గౌను) చుట్టూ నీళ్ళలో కలిపినట్టు మరక వస్తుంది.

#4 · మొఖమల్‌తెర

పైన చెప్పినవన్నీ చేశాక ఇంకొకటి. పిక్చర్ మోడ్ "వివిడ్"లో ఉంటే నీడల సీన్ చచ్చిపోతుంది. చీకటి నీలం ముందు 32 తెల్ల టుటులు. వివిడ్‌లో అవన్నీ తెల్ల సున్నం ముద్దలు. "సినిమా" మోడ్‌కు మార్చి, వరుసలన్నీ నిలబడ్డ షాట్‌లో పాజ్ చేసి, టుటు పొరలు విడివిడిగా కనిపించేదాకా కాంట్రాస్ట్ తగ్గించండి. పొరలు కనిపించాయంటే సెట్టింగ్ సరైనట్టే.

డీవీడీలో బొమ్మ ఎత్తు 576 గీతలు. స్టేజీ మొత్తం చూపే షాట్‌లో మనిషి అందులో అయిదో వంతు అనుకుంటే ఒక్కో డాన్సర్‌కు దక్కేది 115 గీతలు. ముఖంలో కళ్ళు కనిపించలేదని డిస్క్‌ను తిట్టి లాభం లేదు. 32 అంగుళాల టీవీ ఎత్తు 40 సెంటీమీటర్లు, అందులో మనిషి 8 సెంటీమీటర్లు. దగ్గరగా కూర్చోండి. సినిమాకు కూర్చునే దూరం దీనికి పనికిరాదు.

#5 · రెండోగంట

డీఇంటర్లేస్‌తో గీతలు పోయాయి, ధన్యవాదాలు ఎడిట్‌బల్ల గారూ. జస్ట్ స్కాన్ పెట్టాక పాదాలు చాలావరకు వచ్చాయి. అయినా కొన్ని షాట్లలో నడుము దాకే ఉంది. అది కెమెరామాన్ పనేనా?

#6 · అరమండి

అవునండీ, అది వాళ్ళ పనే, దానికి రిమోట్‌లో బటన్ లేదు. కూచిపూడి తరంగం తీసేటప్పుడు ఇక్కడ చేసే తప్పే అది. పళ్ళెం అంచు మీద పాదాలు నడుస్తుంటే కెమెరా కళ్ళ దగ్గరికి పోతుంది. బ్యాలేలో పాదం పోతే ఇంకా నష్టం. మనకు అభినయం ముఖంలోనూ చేతుల్లోనూ సగం బతుకుతుంది. వాళ్ళకు కాలి బొటనవేలి కొన నుంచి చేతి వేలి కొన దాకా గీసిన ఒకే గీత అది. ఎక్కడ కోసినా గీత తెగినట్టే.

#7 · నీడలవరుస

అరమండి గారు చెప్పింది నీడల ప్రవేశానికి నూటికి నూరుపాళ్ళు వర్తిస్తుంది. అక్కడ జరిగేది చాలా చిన్న సంగతి, అందుకే చెడగొట్టడం తేలిక.

నల్లమందు మత్తులో సోలోర్ కలగంటాడు. వెనక ఎత్తున ఏటవాలు బల్ల. ఒక అమ్మాయి వస్తుంది. ఒక కాలు వంచి నిలబడి రెండో కాలు వెనక్కి చాచి ముందుకు వాలుతుంది, అది అరబెస్క్. తర్వాత బరువు వెనక కాలి మీదికి తెచ్చి, చేతులు తలపైకి గుండ్రంగా ఎత్తి నడుము వెనక్కి వంచుతుంది, అది కాంబ్రే. రెండడుగులు ముందుకు. మళ్ళీ అరబెస్క్. అప్పుడు ఆమె వెనక రెండో అమ్మాయి. ఆ తర్వాత మూడో అమ్మాయి. పాము మెలికలు తిరిగినట్టు స్టేజీ అటూ ఇటూ దాటుతూ కిందికి వచ్చి, చివరికి వరుసకు 8 మంది చొప్పున 4 వరుసలుగా నిలబడతారు. మొత్తం స్టెప్పు ఇంతే.

కష్టం ఎక్కడంటే, మొదట దిగిన అమ్మాయి చివరామె దిగేదాకా అదే అరబెస్క్ చేస్తూనే ఉండాలి. అందరికంటే ఎక్కువసార్లు చేసేది ఆమే. పైగా మొదట్లో నిలబడ్డ కాలి కింద నేల ఏటవాలు. తూలితే దాచుకోవడానికి పక్కన మనిషి కూడా లేదు. చివరామెకు అరబెస్కులు తక్కువే కానీ, స్టేజీ పక్క తెరల వెనక చలిలో కండరాలు బిగుసుకుపోతుండగా అంతసేపు నిలబడి రావాలి.

కెమెరాకు ఇక్కడ ఒకే పని. వెడల్పు షాట్ పట్టుకుని, మనుషులు పెరిగేకొద్దీ మెల్లగా వెనక్కి జరగాలి. ఎన్ని రికార్డింగులు ఆ పని చేయవో! మొదటి అమ్మాయి ముఖం క్లోజప్ వేస్తారు. సోలోర్ ముఖం మీద డిసాల్వ్ వేస్తారు. పై నుంచి తీస్తారు. పై నుంచి తీస్తే కాలు ఎంత ఎత్తు లేచిందో, అందరిదీ ఒకే ఎత్తా కాదా, ఏమీ తెలియదు. పక్క నుంచి తీస్తే వరుస మధ్య ఖాళీలు మూసుకుపోతాయి.

కట్ చేయక తప్పదంటే ఆ రెండడుగుల దగ్గర చేయాలి. అరబెస్క్ మధ్యలో కట్ చేస్తే ఊపిరి మధ్యలో నోరు మూసినట్టు ఉంటుంది.

#8 · పిట్‌లోవయొలిన్

సంగీతం వైపు నుంచి కూడా అంతే. ఈ బ్యాలే స్వరకర్త మింకుస్ ఆ ప్రవేశానికి రాసింది ఒకే పాట, తీగ వాద్యాల మీద, తిరిగి తిరిగి వస్తుంది. ఒక్కో సంగీత వాక్యానికి ఒక్కో అమ్మాయి. కాబట్టి ఎడిటర్‌కు సంగీతం చదవడం వస్తే ఎక్కడ కట్ చేయాలో స్వరలిపే చెప్తుంది.

ఇంకో విషయం. మకరోవా వెర్షన్‌లో వినిపించేది జాన్ లాంచ్‌బెరీ తిరగరాసిన వాద్యకూర్పు, మింకుస్ రాసినదానికంటే బరువు. చివరి అంకానికి అప్పట్లో అసలు స్వరలిపి దొరకలేదని ఆయనే కూర్చారు. తర్వాత అసలుది మరీన్‌స్కీ థియేటర్‌లో (అప్పటి కిరోవే) బయటపడింది. సెర్గేయ్ విఖరేవ్ అక్కడ 1900 నాటి ప్రదర్శనను పునర్నిర్మించినప్పుడు దాన్నే వాడారు. గుడి కూలే చోట ఇత్తడి వాద్యాల హోరు వింటే అది మింకుస్ అని పొరబడకండి.

టెంపో గురించి ఒక హెచ్చరిక. సెకనుకు 24 బొమ్మల ఫిల్ము మీద తీసినవాటిని యూరప్ టీవీ కోసం 25కి పరిగెత్తించేవారు. 4 శాతం పైన వేగం, శ్రుతి 70 సెంట్లు పైకి (పక్క స్వరానికి 100 సెంట్ల దూరం). వీడియో మీద తీసినవాటికి ఈ గొడవ లేదు. 1966లో పాల్ జిన్నర్ ఫిల్ము మీద తీసిన ఫాంటెయ్న్, నూరెయెవ్‌ల "రోమియో అండ్ జూలియెట్" లాంటివాటికి ఉండొచ్చు, ఏ కాపీ అన్నదాన్ని బట్టి. ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టి నిలకడగా సాగే స్వరాలు నాలుగైదు చూడండి. ప్రతిదీ పై స్వరానికి 30 సెంట్లు తక్కువగా పడుతుంటే కాపీ పరిగెడుతోందన్నమాట. వేగాన్ని 0.96కి దించండి.

#9 · ఎడిట్‌బల్ల

పిట్‌లోవయొలిన్ గారి మాటకు తోక: ఆ 4 శాతం ఎగురుళ్ళను కూడా మోసం చేస్తుంది.

వీఎల్‌సీలో ఇంగ్లిష్ "E" అక్షరం నొక్కితే ఒక్కో బొమ్మ చొప్పున ముందుకు జరుగుతుంది. పాదం నేల విడిచిన బొమ్మ నుంచి తిరిగి తాకిన బొమ్మ దాకా లెక్కపెట్టండి. 25 బొమ్మల వీడియోలో 15 వచ్చాయంటే గాల్లో 0.6 సెకను. కాలాన్ని కాలంతో గుణించి, 9.8తో గుణించి, 8తో భాగిస్తే ఎత్తు: 0.44 మీటరు. అదే 0.7 సెకను అయితే 0.6 మీటరు. శరీరం బరువు కేంద్రం లేచిన ఎత్తు అది, పాదం ఎత్తు కాదు. 24ను 25కి పరిగెత్తించిన కాపీలో 0.6 సెకను కాస్తా 0.576 అవుతుంది, 0.44 మీటరు ఎగిరినవాడు 0.41 మీటరు ఎగిరినట్టు తేలుతాడు. "పాత తరం వాళ్ళు తక్కువ ఎగిరేవారు" అనే వాదన మొదలెట్టేముందు కాపీ వేగం చూడండి దయచేసి.

#10 · గోల్కొండగేటు

ఎవరూ ఎత్తలేదు గానీ, ఈ బ్యాలే జరిగేది మన గోల్కొండలో! గమ్జాటి తండ్రి దుగ్మంత, గోల్కొండ రాజా. ఆ పేరు దుష్యంతుడి నుంచి ఒలికింది. పెటిపా, ఖుదెకోవ్ రాసుకున్న కథకు శాకుంతలం నీడ ఉంది. 1858లోనే పారిస్‌లో పెటిపా అన్న లూసియాన్ "శాకుంతల" అనే బ్యాలే కట్టారు.

1877లో పీటర్స్‌బర్గ్‌లో దీన్ని మొదట ఆడేనాటికి గోల్కొండ నిజాం పాలనలో ఉంది. అంతకుముందు కుతుబ్ షాహీలు, 1518 నుంచి 1687 దాకా. ఆ కోటలో బ్రాహ్మణ ప్రధాన పూజారి, పవిత్రాగ్ని, పులివేట, దేవదాసి, హుక్కా అన్నీ ఒకేచోట పోగేశారు. అప్పటి యూరప్‌కు గోల్కొండ అంటే వజ్రాల ఊరు, అంతే. బయాడేర్ అన్న మాట కూడా మనది కాదు. నాట్యగత్తెకు పోర్చుగీసువాళ్ళు వాడిన బైలదైరా ఫ్రెంచి నోట అలా మారింది.

#11 · అరమండి

అందుకే మనవాళ్ళు దీన్ని చూస్తూ "ఇదేం ముద్ర?" అని వెతకకూడదు. అవి మన ముద్రలు కావు. నమస్కారంలా అరచేతులు కలిపినా, మోచేతులు విరిచి తల మీద పెట్టినా అది 19వ శతాబ్దపు రంగస్థల భారతం. కొన్ని ప్రదర్శనల్లో పిల్లలకు ఒళ్ళంతా గోధుమరంగు పూస్తారు, దాని మీద ఇప్పుడు గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. అది చూసి ఇబ్బందిపడితే పడటం న్యాయమే.

కానీ మైమ్‌కు, అంటే సైగలతో కథ చెప్పడానికి, సొంత వ్యాకరణం ఉంది. అది నేర్చుకుంటే మొదటి అంకం తేలిక. రెండు వేళ్ళు పైకెత్తడం ఒట్టు. ఉంగరపు వేలు చూపడం పెళ్ళి. పిడికిళ్ళు మణికట్ల దగ్గర అడ్డంగా కలిపి కిందికి దించడం చావు. ముఖం చుట్టూ చెయ్యి తిప్పడం అందం. గమ్జాటి, నికియా ఎదురుపడే సీన్ పూర్తిగా దీని మీదే నడుస్తుంది: సోలోర్ బొమ్మ చూపించడం, నగలు ఇవ్వజూపడం, నికియా తోసేయడం, కత్తి దొరకబుచ్చుకోవడం, దాసి అడ్డుపడటం.

ఇక్కడ మాత్రం క్లోజప్ కావాలి. 2018 రికార్డింగ్ నాకు నచ్చేది ఈ సీన్ కోసమే. ఒసిపోవా, నూన్యెజ్ ఇద్దరూ వెనక్కి తగ్గరు, కెమెరా కూడా ఇద్దరినీ ఒకే చట్రంలో ఉంచుతుంది.

#12 · మొఖమల్‌తెర

అంటే నీడలకు పారిస్, గొడవకు లండన్. ఒప్పుకుంటాను. కానీ 1991ని ఎవరూ పట్టించుకోలేదే? కిరోవ్‌లో పెరిగిన అసిల్మురాతోవా వీపు చూడండి. నిశ్చితార్థంలో పూలబుట్ట డాన్సు మొదటి సగం, మెల్లగా సాగే భాగంలో, కాలి కన్నా ముందు వీపు మాట్లాడుతుంది. పాము కాటేశాక బ్రాహ్మణుడు విరుగుడు ఇస్తాడు, సోలోర్ గమ్జాటి వైపు వెళ్ళడం చూసి ఆమె దాన్ని వదిలేస్తుంది. ఆ రెండు చూపులూ ఒకే షాట్‌లో లేకపోతే ఆమె ఎందుకు చచ్చిపోయిందో కొత్తవాళ్ళకు అర్థం కాదు.

#13 · రెండోగంట

బంగారు విగ్రహం డాన్సు ఒక వెర్షన్‌లో నిశ్చితార్థంలో, ఇంకోదాంట్లో చివరి అంకం మొదట్లో వస్తోంది. ఏది అసలు?

#14 · నీడలవరుస

రెండూ కావు. పెటిపా నాటికి ఆ డాన్సే లేదు. 1948లో కిరోవ్‌లో నికొలాయ్ జుబ్‌కోవ్‌స్కీ తనకోసం కూర్చుకున్నది. నూరెయెవ్ నిశ్చితార్థంలోనే ఉంచారు, మకరోవా గుడి అంకం మొదట్లోకి జరిపారు. చూడాల్సింది ఎగురుళ్ళు కాదు, దిగడం. విగ్రహం కాబట్టి దిగాక చేతులు చెక్కినట్టు ఆగాలి, మణికట్టు కూడా వణకకూడదు. ఒళ్ళంతా రంగు, అది చెమటకు జారుతుంది. క్లోజప్ వేస్తే మెడ దగ్గర చారలు కనిపిస్తాయి, భ్రమ పోతుంది.

నీడల సీన్‌లో పొడవాటి తెల్ల వస్త్రంతో చేసే జంట నాట్యం కూడా గమనించండి. ఒక కొస సోలోర్ చేతిలో, ఇంకో కొస నికియా చేతిలో. ఆమె ఒంటి కాలి మీద తిరుగుతుంటే వస్త్రం బిగుతు సమానంగా ఉండాలి. సోలోర్ లాగితే ఆమె ఇరుసు ఒరుగుతుంది, వదులు చేస్తే వస్త్రం ఆమె చేతికి చుట్టుకుంటుంది. కెమెరా ఆమె నడుము పైభాగం మాత్రమే చూపిస్తే తప్పు ఎవరిదో కూడా తెలియదు. చాలా రికార్డింగుల్లో సరిగ్గా ఆ తూలే క్షణంలోనే కట్ ఉంటుంది. యాదృచ్ఛికం కాదులెండి.

#15 · ఎడిట్‌బల్ల

కాదు. డిస్కుల్లో చాలావరకు ఒక్క రాత్రివి కావు. రెండు మూడు ప్రదర్శనలు తీసి, మంచివి ఏరి అతుకుతారు. అతుకు పట్టడానికి చెవి దగ్గర జుట్టు పాయ చూడండి. ముందు షాట్‌లో చెమటకు అంటుకుని, తర్వాతి షాట్‌లో పొడిగా ఉంటే రెండు వేర్వేరు రాత్రులు. చప్పట్లు సగంలో తెగితే అదీ గుర్తే.

నెట్‌లో తిరిగే ముక్కలతో ఇంకో ప్రమాదం. కొందరు బొమ్మను అద్దంలోలా తిప్పి పెడతారు. అప్పుడు కుడివైపు తిరిగేవాళ్ళు ఎడమకు తిరుగుతారు, దాన్ని చూసి నేర్చుకునేవాళ్ళు తలకిందులుగా నేర్చుకుంటారు. వయొలిన్‌వాళ్ళ కమాను ఏ చేతిలో ఉందో చూడండి. ఎడమ చేతిలో ఉంటే బొమ్మ తిరగేసినట్టే.

బ్లూటూత్ స్పీకర్ వాడితే ధ్వని 100 నుంచి 300 మిల్లీసెకన్లు వెనకపడొచ్చు. షూ చప్పుడు దిగిన తర్వాత వినిపిస్తుంది, డాన్సర్ తాళం తప్పినట్టు అనిపిస్తుంది. వైరు పెట్టండి, లేదా ఆడియో డిలే సరిచేయండి.

#16 · మోడరేటర్

డిస్కుల పేర్లు, సంవత్సరాలు రాయండి. ఎక్కించిన కాపీల లింకులు మాత్రం వద్దు. రెండు తీసేశాను.

#17 · రెండోగంట

పారిస్‌ది పెట్టాను. నీడలు నిలబడ్డాక మొదట దిగిన అమ్మాయి ఎవరో పోల్చుకోలేకపోయాను. ఆమె చివరికి ఎక్కడ ఉంటుంది?

#18 · నీడలవరుస

ముందు వరుసలో, ఒక కొసన. మెలికలు తిరుగుతూ వచ్చే వరుసకు తల ఆమే, అందుకే ప్రేక్షకులకు దగ్గరగా తేలుతుంది. మధ్యలో షాట్ మారినప్పుడు ముఖం వెతక్కండి, వరుస ఏ దిక్కు నడుస్తోందో చూసి దాని కొస పట్టుకోండి. దొరికాక నాలుగు వరుసలూ కలిసి ఒక కాలు పక్కకు మెల్లగా ఎత్తి నిలిపే చోటికి రండి. అన్ని అరబెస్కుల తర్వాత ఆమె నిలబడ్డ కాలి మడమ వణుకుతోందా లేదా అక్కడ తెలుస్తుంది. మొదటిసారి ఆమెనే చూడండి. రెండోసారి అదే చోటును వెనక వరుస కోసం చూడండి.

#19 · అరమండి

మూడోసారి శబ్దం తీసేసి.

#20 · పిట్‌లోవయొలిన్

అభ్యంతరం!